అక్క చేతి బొండాలు

మా వైపు మనిషికి ఒంట్లో బాగోలేదంటే ముందు బొండం కొట్టిస్తారు, ఆ తరవాతే డాక్టరు. జ్వరానికి బొండం, వాంతులకి బొండం, ఎండదెబ్బకి బొండం, పురిటి నీరసానికీ బొండమే. ఏ ఆసుపత్రికి వెళ్ళినా మందుల షాపు కన్నా ముందు బొండాల బండి కనిపిస్తుంది. రోగిని చూడటానికి వచ్చినవాళ్ళు రెండు బొండాలో అరడజను అరటిపళ్ళో లేకుండా వస్తే, ఊరికే చేతులూపుకుంటూ వచ్చారని ఆ ఏడాదంతా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నదాన్నే, దాచడం దేనికి. అలాంటి చోట పుట్టి పెరిగిన నాకు యాభై ఆరో ఏట కిడ్నీలు పోయాయి. తాగకూడనివీ తినకూడనివీ ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి నా చేతిలో పెట్టింది. మొదటి వరసలోనే కొబ్బరి నీళ్ళు అని ఉంది, కింద రెండు గీతలు గీసి మరీ. అందులో పొటాషియం ఎక్కువట. మామూలు మనిషి ఒంట్లోంచి అది మూత్రంతో పోతుంది. మాలాంటివాళ్ళలో పోయే దారి లేక రక్తంలోనే పేరుకుని, గుండెని ఆపేస్తుందని వివరంగానే చెప్పింది. నేను శ్రద్ధగా తలూపాను. లెక్కల టీచరుని, చెప్పింది అర్థం కాకపోవడమేం లేదు.

ముప్ఫై ఏళ్ళు రాజమండ్రిలో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పాను. నోరు కొంచెం పెద్దదే. ఎనిమిదో ఎక్కం రానివాణ్ణి వచ్చేదాకా బెంచీ దింపేదాన్ని కాదు. అంత నోరూ డయాలసిస్ మొదలైన కొత్తలో పడిపోయింది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న పదింటికల్లా వెళ్ళాలి. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చించుకుని, నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. సూదులకి అలవాటు పడ్డాను. ఇంటికొచ్చాక పిండి ఆరేసిన గుడ్డలా పడి ఉండటానికీ అలవాటు పడ్డాను. అలవాటు కానిది దాహం. రోజు మొత్తానికి ఏడువందల యాభై మిల్లీలీటర్లు. మాత్రలు మింగే నీళ్ళు, పొద్దుటి టీ, చారు, మజ్జిగ, అన్నీ అందులోకే వస్తాయి. మా ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, తూకంలో ఇసుమంత తేడా రానివ్వరు. పొద్దున్నే ఒక సీసాలో నీళ్ళు కొలిచి పోసేవారు. నేను టీ తాగితే అంతమేరా సీసాలోంచి నా కళ్ళముందే వంపేసేవారు. ఆ వంపేసిన నీళ్ళు సింకులోకి జారుతుంటే ఆయన మీద ఎంత కసి పుట్టేదో చెప్పలేను. పాపం, నా కోసమే కదా చేస్తున్నారు. అయినా పుట్టేది.

దాహం ఒక ఎత్తు, దిగులు ఒక ఎత్తు. ఒక బుధవారం నేను మంచం దిగనన్నాను. ఇంక చాలు, ఎన్నాళ్ళీ సూదులు, ఎవరికోసం అన్నాను. ఆయన బూట్లు వేసుకుని, ఆసుపత్రి ఫైలు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు. అరగంట అలాగే కూర్చున్నారు. ఆ వీపు చూడలేక లేచాను. అలాంటి బుధవారాలు ఇంకా నాలుగైదు ఉన్నాయి.

ఇక మా అక్క. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ పోతే, పదిహేనేళ్ళ పిల్ల నన్ను పెంచింది. అయిదో తరగతితో దాని చదువు అప్పటికే ఆగిపోయింది, నా చదువు మాత్రం ఆగనివ్వలేదు. రావులపాలెం దాటి లోపలికి వెళ్తే వాళ్ళ ఊరు. పెరట్లో ఎనిమిది కొబ్బరి చెట్లు. ఆవిడకి తెలిసిన ప్రేమ ఒకటే, పెట్టడం. గుమ్మం ముందునుంచి పోయే కొరియర్ మనిషిని కూడా పిలిచి మంచినీళ్ళు ఇస్తే గానీ వదలదు. నాకు జబ్బు చేసిందని తెలిసిన దగ్గర్నుంచీ ప్రతి రెండో శనివారం గోనెసంచిలో బొండాలు వేసుకుని బస్సు దిగేది. ఆదివారం మాతోపాటు గుడికి, అదే చర్చికి వచ్చి, సాయంత్రం వెళ్ళిపోయేది.

మొదటిసారి తెచ్చినప్పుడే మా ఆయన నాతో అన్నారు, "మీ అక్కకి సరిగ్గా చెప్పు. నేను చెప్తే తెచ్చింది వద్దన్నట్టు ఉంటుంది." చెప్తానన్నాను. ఆయన గుడి పెద్దల్లో ఒకరు. శనివారం సాయంత్రం గుడి శుభ్రం చేయించడానికి వెళ్ళారు. అక్క పెరట్లో పీట వేసుకుని కత్తితో బొండం చెక్కుతోంది. ఆ టక్‌మనే చప్పుడుకే నాకు నోరూరింది. పైన మూతలా కోసి రెండు చేతులా పట్టుకొచ్చి, "తాగవే అమ్మడూ, ఎలా ఎండిపోయావో చూడు" అంది. చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ బొండం చల్లగా నా చేతికి తగిలింది. అక్క నా మొహంలోకే చూస్తోంది. తాగేశాను. ఆఖరి చుక్కదాకా తాగాను. ఆ పావుగంట నేను రోగిని కాను. అమ్మ లేని ఏడేళ్ళ పిల్లని, అక్క పక్కనుంది, అంతే.

ఆ తరవాత రెండు అబద్ధాలు చెప్పాను. అక్కతో, "కొబ్బరి నీళ్ళకి జలుబు చేస్తుందని ఆయన గోల, ఆయన లేనప్పుడు ఇవ్వు" అన్నాను. ఆవిడ నవ్వి, "మరిదిగారికి చాదస్తం బాగా ఎక్కువైంది" అంది. రాత్రి ఆయన అడిగితే, "చెప్పాను, అర్థం చేసుకుంది. ఆ బొండాలు మీకోసం, పక్కింటివాళ్ళకోసం తెస్తోంది" అన్నాను. ఆయనా నమ్మారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల దొంగలెక్కలు పట్టుకున్న మనిషిని, ఇద్దరికీ చెరొక అబద్ధం చెప్పి మధ్యలో హాయిగా బొండం తాగాను. నెలకి రెండుసార్లు, ఒక్కటేగా అనుకున్నాను. శుక్రవారం రక్తం శుభ్రమైంది, సోమవారం మళ్ళీ శుభ్రం అవుతుంది, మధ్యలో ఒక బొండం ఏం చేస్తుందిలే అనుకున్నాను. నిజానికి శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండే ఆ పెద్ద ఖాళీయే మాకు గండం. అది కూడా ఆ డైటీషియన్ అమ్మాయి చెప్పింది. అప్పుడూ తలూపాను.

మే నెల వచ్చింది. రాజమండ్రి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ శనివారం ఒకటి తాగాక ఇంకోటి అడిగాను. అక్క సంబరపడిపోయి కొట్టింది. ఆదివారం పొద్దున్న, ఆయన ముందుగా గుడికి వెళ్ళిపోయాక, ఇంకొకటి. గుడిలో కీర్తనకి అందరూ లేచారు. నేను లేవబోతే కాళ్ళు నా మాట వినలేదు. అవి నా కాళ్ళు కానట్టు ఉన్నాయి. కళ్ళు చీకట్లు కమ్మి బెంచీల మధ్య కూలిపోయాను. అక్క నా తల ఒళ్ళో పెట్టుకుని ఏదో అరుస్తోంది, నాకు చాలా దూరంగా వినిపిస్తోంది.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. రక్తం పరీక్ష వచ్చేలోపే డాక్టరుగారు మిషన్ సిద్ధం చేయమన్నారు. గుండె ఆగిపోయేలా ఉందన్నారు. "ఏం తిన్నారు, ఏం తాగారు?" అని అడుగుతుంటే, అక్క ముందుకొచ్చింది. "ఏం తినలేదండి బాబుగారూ. నిన్న రెండు బొండాలు, పొద్దున్న ఒకటి, అంతేనండి" అంది. డాక్టరుగారు తల పట్టుకున్నారు. మా ఆయన వెనక్కి తిరిగారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన గొంతు అలా లేవడం నేను వినలేదు.

"చెప్పాం కదండీ వదినగారూ. చెప్పినా వినకుండా మీ ఇష్టం వచ్చినట్టు తాగిస్తే ఎలాగండీ? మీ ప్రేమ పాడుగాను, మనిషి దక్కేది కాదు కదండీ."

అక్క నావైపు చూసింది. నాకు స్పృహ ఉంది. అన్నీ వినిపిస్తున్నాయి. నోరు తెరిచి ఒక్క మాట అనగలను. ఆమెకి తెలీదు, నేనే చెప్పలేదు అని. ఆ మాట అనలేదు. కళ్ళు మూసుకున్నాను. అక్క, "తప్పయిపోయింది మరిదిగారూ" అనడం మాత్రం విన్నాను. నన్ను లోపలికి తోసుకుపోయారు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి గుండె దారిలో పడింది, అక్క ఊరికి వెళ్ళిపోయింది.

ఏడు నెలలు రాలేదు. ఫోన్ చేస్తే తీసేది. "బాగున్నావా, సూదులు నొప్పి పెడుతున్నాయా, జాగ్రత్త, ఉంటాను." అంతే. రమ్మంటే మోకాళ్ళు నొప్పులంది. ఆవిడ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, నిన్నమొన్నటిదాకా నిచ్చెనెక్కి అటకమీద సామాన్లు దించేది. మా ఆయన ఒకటి రెండుసార్లు, "ఆ రోజు మరీ గట్టిగా అన్నానేమో" అన్నారు. "ఏం కాదులెండి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నవంబరు ఆఖర్లో ఒకసారి ఫోన్ అక్క కోడలు ఎత్తింది. అత్త గుడికి వెళ్ళిందని చెప్పి, ఒక క్షణం ఆగి అంది, "చిన్నత్తయ్యగారూ, మా అత్తయ్య ఎవరికీ ఏమీ పెట్టట్లేదండి. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా నన్నే ఇమ్మంటున్నారు. గుడిలో స్త్రీల కూటానికి టీ ఎప్పుడూ ఆవిడే కదండీ పంచేది, ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుంటున్నారు. మనవడికి అన్నం కలిపి పెట్టమంటే కూడా నీ చేత్తో పెట్టుకో అంటున్నారండి. డాక్టరుకి చూపించాలేమోనండి." డాక్టరు దేనికి, అది ఏ జబ్బో నాకు తెలుసు. తన చెయ్యి మనుషుల్ని చంపే చెయ్యి అని మా అక్క అనుకుంటోంది. పెట్టడం మానేసిన అక్క ఇంకెందుకు బతుకుతుంది? ఆ ఒక్క మాట నేను చెప్తే గానీ ఆవిడ బాగుపడదు. చెప్తే మా ఆయన ముందు, అక్క ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? వారం రోజులు ఇదే గొడవ నాలో.

మా డయాలసిస్ వార్డులో ఒక అలవాటు ఉంది. మిషన్ ఎక్కే ముందు అందరం తూకం చూసుకోవాలి. రెండు రోజుల్లో ఎంత నీరు పట్టిందో అది చెప్పేస్తుంది, బుకాయించడం కుదరదు. నర్సమ్మ పైకి చదువుతుంది. నా పక్క మంచం ఆయన జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ రైతు, నాకన్నా పెద్దవాడు, వేకువనే బస్సెక్కి వస్తాడు. ఒకరోజు ఆయన ఎక్కితే నర్సమ్మ, "మూడు కిలోలు ఎక్కువండి" అంది. "మనవరాలి పుట్టినరోజమ్మా, కూల్‌డ్రింకు రెండు గుక్కలు తాగాను." "రెండు గుక్కలకి మూడు కిలోలా బాబాయ్, ఏ బిందెతో తాగారు?" అంటే వార్డంతా నవ్వు. సూదులు పెట్టాక ఆ నాలుగు గంటలూ ఒకరికొకరు చేసిన దొంగతనాలు చెప్పుకుంటారు. ఒకరు ఆవకాయ ముక్క నాకి మళ్ళీ జాడీలో పెట్టేశానంటారు. ఇంకొకరు స్నానం చేస్తూ షవరు కింద నోరు తెరిచానంటారు. ఇంట్లో చెప్తే ఏడుస్తారు, డాక్టరుకి చెప్తే కేకలేస్తారు, ఇక్కడైతే నవ్వుతారు. అలా చెప్పుకుని నవ్వుకోవడం మొదలుపెట్టాకే నాకు బుధవారాల దిగులు కాస్త తగ్గింది. అయితే నేను వినడమే గానీ ఎప్పుడూ నోరు విప్పలేదు.

ఆ శుక్రవారం ఆ పామాయిల్ రైతే అడిగాడు. "టీచరుగారూ, మేమందరం చెప్పుకుంటున్నాం. మీరు మాత్రం ఏమీ చెయ్యనట్టు కూర్చుంటారేంటండి?" ఎందుకో, వారం రోజులుగా లోపల నలుగుతున్నదంతా బయటికొచ్చేసింది. బొండాలు, జలుబు, చెప్పేశానన్న మాట, కళ్ళు మూసుకోవడం, అన్నీ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మాకు చెప్పడం దేనికండీ, ఆవిడకి చెప్పాలి గానీ" అన్నాడు.

"అదేంటండీ, అంత తేలికా?" అన్నాను.

"తేలికని నేనన్లేదండి. మనకి వారానికి మూడుసార్లు ఈ మిషన్ ఉంది, ఒంట్లో చెత్తంతా తీసి పారేస్తుంది. ఆవిడకేముందండీ?" అని అటు తిరిగి పడుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పామాయిల్ గెలలు కోసుకునేవాడు నాకు బుద్ధులు చెప్పడమేంటని ఇంటికొచ్చేదాకా పళ్ళు నూరుకున్నాను. కోపం ఆయన మీద కాదని ఇల్లు చేరాక తెలిసింది.

శనివారం పొద్దున్న మా ఆయన వంటింట్లో బీరకాయ ముక్కలు ఉడికించి నీళ్ళు వంపేస్తున్నారు. కూరల్లో పొటాషియం తగ్గడానికి అలా చెయ్యాలి, రోజూ ఆయనే చేస్తారు. నేను గుమ్మంలో నిలబడి, "ఏవండీ, మా అక్కకి నేను చెప్పలేదు" అన్నాను.

"ఏం చెప్పలేదు?"

"కొబ్బరి నీళ్ళు కూడదని. జలుబు చేస్తుందని మీకు చాదస్తమని చెప్పాను. మీకేమో చెప్పేశానని చెప్పాను. ఆమెకి ఏమీ తెలీదు. మీరు ఆమెని అంటుంటే నేను వింటూ పడుకున్నాను."

ఆయన స్టవ్ ఆపారు. గిన్నెలో మిగిలిన నీళ్ళు కూడా వంపేశారు. నన్ను తిడితే బాగుండును అనుకున్నాను. చివరికి చేతులు తుడుచుకుని, "నేనన్న మాట వెనక్కి రాదు కదా" అన్నారు. తరవాత, "చీర మార్చుకో. పదకొండింటికి బస్సుంది" అన్నారు. అంతే. సీసాలో నీళ్ళు కొలిచి సంచిలో పెట్టారు. ఆ కోపంలోనూ ఏడువందల యాభయ్యే కొలిచారు.

రావులపాలెంలో దిగేసరికి రోడ్డు పక్కనంతా అరటిగెలలు. అవీ నేను తినకూడనివే. అక్కణ్ణించి ఆటో మాట్లాడుకున్నాం. క్రిస్మసు దగ్గరపడిందేమో, మావాళ్ళ ఇళ్ళ మీద అప్పుడే కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. దారిపొడవునా ఆయన నాతో మాట్లాడలేదు. ఆటో గతుకుల్లో పడ్డప్పుడు మాత్రం నా ఎడమ చేతికి దెబ్బ తగలకుండా తన చేయి అడ్డం పెట్టారు.

అక్క వరండాలో బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచింది. సగానికి సగం అయిపోయింది మనిషి. "వందనాలు మరిదిగారూ, రండి" అని, చేటలో చేతులు దులుపుకుని, కోడల్ని పిలిచి మంచినీళ్ళిమ్మంది. తను మాత్రం రెండు చేతులూ చీర కొంగులో పెట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. మేం గుమ్మంలోకి రాగానే చేతులు పట్టుకుని లోపలికి లాగే మనిషి. ఆ కొంగులో దాచిన చేతులు చూసేసరికి నేను దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"అక్కా, జలుబు సంగతి అబద్ధమే" అన్నాను. "కొబ్బరి నీళ్ళు నాకు విషమని మొదటి నెలలోనే చెప్పారు. నీకు చెప్పమని ఈయన అన్నారు. చెప్పేశానని అబద్ధం ఆడాను. దాహం వేసేది. నువ్వు ఇస్తుంటే వద్దనలేకపోయాను. ఆ రోజు ఈయన నిన్ను అంటుంటే నాకు స్పృహ ఉంది. భయపడి కళ్ళు మూసుకున్నాను. తప్పంతా నాదే అక్కా."

అక్క కింద పడిన బియ్యపుగింజ ఒకటి ఏరి చేటలో వేసి, చెయ్యి మళ్ళీ కొంగులో దాచుకుంది. "నాకు ఆ రోజే తెలుసు" అంది.

"ఎలా తెలుసు?" అన్నాను.

"చెప్పాం కదండీ అని మరిదిగారు అన్నారు. నాకేమో ఎవరూ చెప్పలేదు. ఆయన అబద్ధం ఆడరు. ఇంక మధ్యలో ఉన్నది నువ్వేగా. అయిదో తరగతి చదివినా ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు."

మా ఆయన కుర్చీలోంచి లేచారు. "మరి ఆ మాట అప్పుడే అనేస్తే సరిపోయేది కదండీ వదినగారూ. అన్ని మాటలూ ఎందుకు పడ్డారండీ?"

"అటు డాక్టరుగారు దాని గుండె ఆగిపోతుందంటున్నారు. ఇటు మీరు ఊగిపోతున్నారు. ఆ కోపం దానిమీదకి మళ్ళిస్తానా మరిదిగారూ? అది పడుకుని ఉంది. నేను నిలబడి ఉన్నాను, నాకేం."

నేను కళ్ళు మూసుకున్నానని ఏడు నెలలుగా కుమిలిపోతున్నాను. నేను కళ్ళు మూసుకున్నది చూసి, అన్నీ తెలిసి, మా అక్క ఆ తిట్లన్నీ నా బదులు తిన్నది.

"అన్నీ తెలిసి ఎందుకు రాలేదు మరి? ఎవరికీ చేత్తో ఎందుకు ఇవ్వట్లేదు?" అన్నాను. ఏడుపు వచ్చేస్తోంది.

"ఎవరు ఏ అబద్ధం ఆడితే ఏంటే? నీ నోట్లో పోసింది ఈ చెయ్యేగా" అంది. కొంగులోంచి తీసి ఆ చేతిని తనే చూసుకుంది. "ఎవరికి ఏది ఇవ్వబోయినా నువ్వు గుడిలో కూలిపోవడమే కనిపిస్తోంది."

నా దగ్గర ఒక్క నిజమే మిగిలింది. అదీ చెప్పేశాను. "అక్కా, నేను డయాలసిస్ మానేసి చచ్చిపోదామనుకున్న రోజులున్నాయి. ఈయన గుమ్మంలో కూర్చుంటే వెళ్ళాను, అది ఒకటి. రెండో శనివారం నువ్వు వస్తావని వెళ్ళాను, అది ఇంకొకటి. బొండం కోసం కాదు, నువ్వు వస్తావని. ఆ చెయ్యి నన్ను చంపలేదే. అది ఉందనే బతికాను."

అక్క మొహం పక్కకి తిప్పుకుంది. అప్పుడు మా ఆయన, ఎవరి దగ్గరా ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఆవిడ ముందుకి వెళ్ళి నిలబడ్డారు. "వదినగారూ, ఆ రోజు నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. పొద్దుట్నుంచీ టీ చుక్క లేదండి. కోడలమ్మ వద్దు, మీరే పెట్టి మీ చేత్తో ఇవ్వండి" అన్నారు.

అక్క ఆయన మొహంలోకి చూసింది. లోపలికి వెళ్ళింది. గిన్నె పెట్టిన చప్పుడు, అల్లం దంచిన చప్పుడు వినిపించాయి. కోడలు సాయం వెళ్ళబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. అక్క టీ గ్లాసు పట్టుకుని వచ్చేటప్పుడు పళ్ళెంలో కాస్త ఒలికింది. ఆయన రెండు చేతులతో అందుకుని, అక్కడే నిలబడి తాగారు. ఆయన తాగుతున్నంతసేపూ అక్క చూసింది. ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చేస్తూ, "ఇంకో సగం ఉంటే పొయ్యండి" అన్నారు.

మళ్ళీ పోసింది. ఈసారి ఒలకలేదు. పోసి, గిన్నె కింద పెట్టి, నావైపు తిరిగింది. అప్పుడు మొదలుపెట్టింది.

"ఒసేయ్ దొంగమొహమా, టీచరువి అయ్యుండి ఇంతమందికి బుద్ధులు చెప్పి, నీకు మాత్రం ఏమైందే? గుండె ఆగిపోతుందని తెలిసి తెలిసి మూడు తాగుతావా? ఇంకోటి కొట్టమని అడిగావు కూడానా? బెల్లం డబ్బా ఖాళీ చేసి నాన్నతో నా పేరు చెప్పినప్పుడే నీ వీపు పగలగొట్టాల్సింది. ఎన్ని దెబ్బలు తిన్నానే నీ వల్ల. ఇప్పుడు మరిదిగారి చేత కూడా తిట్లు తినిపించావు." అంటూ వీపు మీద ఒక్కటి వేసింది. నిజంగానే గట్టిగా వేసింది. మా ఆయన కంగారుగా, "వదినగారూ, ఎడమ చేతికి తగలనివ్వకండి, జాగ్రత్తండి" అన్నారు. "తెలుసు లెండి" అని కుడివైపు ఇంకొకటి వేసింది.

జబ్బు చేసిన దగ్గర్నుంచీ నన్ను ఎవరూ తిట్టలేదు. అందరూ గొంతు తగ్గించి, పిల్లిపిల్లని ముట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. రెండేళ్ళ తరవాత ఒక మనిషి నన్ను బతికున్న మనిషిని తిట్టినట్టు తిడుతోంది. వీపు మండుతోంది, కళ్ళమ్మట నీళ్ళు, నోట్లో నవ్వు. కోడలు బెదిరిపోయి చూస్తోంది. అక్క తిడుతూనే లోపలికి వెళ్ళి, తిడుతూనే బియ్యం కడిగి, తిడుతూనే మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టింది.